కొప్పు అందని చెయ్యి

“భుజం కీలు మార్పించుకున్న ఏజెంట్‌ని ఫీల్డ్‌కి పంపలేను. డెస్క్ తీసుకో,” అన్నాడు చీఫ్ సోమలింగం ఫోన్‌లో.

“డెస్క్ మీరే ఉంచుకోండ్రి సార్. నాకు గా జామర్ పిన్ను పంపుండ్రి, చాలు,” అంది ఏజెంట్ భాగీరథి.

పోయిన మిషన్‌లో తూటా ఆమె కుడి భుజాన్ని పిండి చేసింది. లోపల ఇప్పుడున్నది లోహం. పాండేసర మిల్లు బాయిలర్‌ని పేల్చాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. భాగీరథి ఫిజియోథెరపీ క్లినిక్‌లో జారవిడిచిన ప్రతి మాటా ఆ ముఠాకు చేరుతోంది. ఆమె అనుమానం ఫిజియో విజయరాణి మీదే. సిల్కు చీర, సెంటు ఘుమఘుమ, తేనెలాంటి గొంతు!

అందుకే క్లినిక్‌లో చెయ్యి భుజం దాటనట్టు నటించేది. ఉన్ బస్తీలోని తన అద్దెగదిలో మాత్రం తలుపేసుకుని, గోడ మీద వేళ్లు పాకించి, కర్ర పట్టుకుని భుజం తిప్పుతూ కుళ్లికుళ్లి ఏడ్చేది. ఏడుస్తూనే మళ్లీ తిప్పేది. చెయ్యి చెవిదాకా వచ్చింది కానీ, వెనక కొప్పు ఇంకా అందలేదు.

ఆ ఉదయం క్లినిక్‌లో కావాలనే ఆ జామర్ పిన్ను విజయరాణి చేతికిచ్చింది. “కొప్పు జర ముడువు మేడం, చెయ్యి వోతలేదు. సాయంత్రం పాండేసర మిల్లుకు వోవాలె.”

విజయరాణి నవ్వుతూ ముడిచి, పిన్ను గుచ్చింది. దాన్ని లాగితే చుట్టుపక్కల రిమోట్లన్నీ మూగబోతాయి, కమాండోలకు సిగ్నల్ వెళుతుంది.

సాయంత్రం బాయిలర్ గదిలో పిస్టల్ ఎదురైంది. పట్టుకున్నది విజయరాణే. ఆమె భాగీరథి ఎడమ చేతిని నడుము వెనక పైపుకు బేడీతో బిగించింది.

“కుడి చేతికి బేడీ దండగ, భాగీరథీ బెన్. దాని సంగతి నాకు తెల్వదా? గేటు దాటినంక ఈ రిమోట్ బటన్ నొక్కుత. బస్, ఖతం!”

ఆమె వెళ్లిపోయింది. షిఫ్టు మారే వేళ. గోడ అవతల వలస వచ్చిన కార్మికుల నవ్వులు, తెలుగు మాటలు.

భాగీరథి చెయ్యెత్తింది. చెవి దగ్గర భుజం ఆగిపోయింది. “తిరుగవా? నువ్వెట్ల తిరుగవో నేను జూస్త!” అని పళ్లు బిగించి తిప్పింది. కళ్లు బైర్లు కమ్మాయి. వేళ్లకు జుట్టు, ఆ తర్వాత పిన్ను తగిలాయి. లాగేసింది.

గేటు దగ్గర విజయరాణి బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కబోతుంటే కమాండోలు చుట్టుముట్టారు.

“ఆ చెయ్యి గంత వెనకకు ఎట్ల వోయింది?” అంది విజయరాణి, బేడీలతో.

కమాండోలు పైపు దగ్గర బేడీ విప్పితే వచ్చిన భాగీరథి రెండు చేతులూ వెనక్కెత్తి, తన కొప్పు తానే ముడుచుకుంది.

“నువ్వు నేర్పిన ఎక్సర్‌సైజులే మేడం. ఫిజియోగ నువ్వు ఫస్ట్‌క్లాస్. గూఢచారి పనికే నీకు జర ప్రాక్టీస్ చాలలేదు.”