అద్దానికి గర్వమా?

"దర్పణం అంటే?" అని టీచర్ అడగగానే సగం క్లాసు చేతులెత్తింది.

"అద్దం."

"సరే. ఆ మాట ఎలా పుట్టింది?"

చేతులన్నీ దిగిపోయాయి. చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి మెల్లగా లేచింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడదని అందరూ ఆమెను మౌని అంటారు.

"దర్పం నుంచి వచ్చింది టీచర్. దర్పం అంటే గర్వం."

ముందు బెంచీలో ఇంకో అమ్మాయి పకపకా నవ్వింది. ఇంట్లో వాళ్లు పెట్టిన ముద్దుపేరు గడుగ్గాయి. బడిలోనూ అదే స్థిరపడిపోయింది.

"అద్దానికి గర్వమేంటే? రేపు కుర్చీకి కోపం వస్తుందంటావా?"

క్లాసంతా గొల్లుమంది. మౌని తల దించుకుని కూర్చుండిపోయింది. అంతలో బెల్లు కొట్టారు. "రేపు చూద్దాం" అంటూ టీచర్ పుస్తకం మూశారు.

సాయంత్రం గడుగ్గాయి నాన్న పనిచేసే షెడ్డుకి వెళ్లింది. ఆయన స్టీలు పళ్లేలకు పాలిష్ పెడతాడు. గిర్రున తిరిగే చక్రానికి మసక పళ్లెం ఆనిస్తే, కాసేపటికి తళతళలాడుతుంది.

గడుగ్గాయి ఒక పళ్లెం అందుకుని ముఖం చూసుకుంది. జడ ముందుకేసుకుంది. కనుబొమలు ఎగరేసింది.

"చాల్లేవే తల్లీ, నీ చూపుకి పళ్లెం అరిగిపోయేలా ఉంది" అన్నాడు నాన్న.

"ఎంత బాగున్నానో చూడు నాన్నా."

"అబ్బో, ఒక్క పళ్లెంలో చూసుకున్నందుకే ఇంత గర్వమా?"

గడుగ్గాయి నవ్వబోయి ఆగిపోయింది.

ఇంటికి రాగానే నిఘంటువు తీసింది. దర్పాన్ని కలిగించేది దర్పణం అని రాసి ఉంది. అన్నం తింటుంటే మౌని దించుకున్న తలే గుర్తొచ్చింది.

మర్నాడు టీచర్ కొత్త పాఠం మొదలుపెట్టారు. దర్పణం సంగతి మరిచిపోయినట్టున్నారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అయినా గడుగ్గాయి లేచింది.

"టీచర్, నిన్న మౌని చెప్పిందే రైటు. గర్వం అద్దానికి కాదు, చూసుకున్నవాళ్లకి వస్తుంది. నేనే తెలుసుకోకుండా నవ్వాను."

మౌని నెమ్మదిగా తలెత్తింది.

మధ్యాహ్నం గడుగ్గాయి టిఫిన్ బాక్సు పట్టుకుని చివరి బెంచీ దగ్గరికి వెళ్లింది. మౌని జరిగి చోటిచ్చింది.

"నీకు ఇవన్నీ ఎవరు చెప్తారే?"

"మా అమ్మమ్మ. ఆవిడ దగ్గర ఇలాంటి మాటలు బోలెడున్నాయి."

"ఒకటి చెప్పవా?"

మౌని మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు అడ్డు తగలబోయిన గడుగ్గాయి, గబుక్కున నోట్లో ముద్ద పెట్టుకుని చివరిదాకా వింది.