మూడో పిలుపు

కడపలో సున్నపు గానుగ సందంటే, దీపాలు పెట్టినాక మగవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవాళ్ళట. గానుగ మూలబడి ఇరవై ఏళ్ళయింది. రాతి చక్రం పక్కకు ఒరిగి, చుట్టూ జిల్లేళ్ళు మొలిచాయి. రాత్రిపూట అక్కడ ఒక ఆడమనిషి వెంట నడుస్తుందని పేరు. పట్టుకున్నదీ లేదు, కొట్టిందీ లేదు... వెంట నడుస్తుంది, అంతే. అంతకంటే కొట్టినా బాగుండేదని ఒకాయన అన్నాడట.

యాభై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఓబులేసు ఆ సందులోంచే పోవలసి వచ్చింది.

అతను మద్రాసులో అచ్చాఫీసు పనివాడు. అక్క గురమ్మను కడపలో ఇచ్చారు. బావ పోయి రెండేళ్ళు. అక్కకు మిగిలింది ముసలి అత్త, ఏడేళ్ళ కొడుకు శేషన్న. ఆ పిల్లాడికి టైఫాయిడ్ పట్టుకుని పద్దెనిమిది రోజులైనా జ్వరం దిగలేదు. కొత్త మాత్రలు మద్రాసులోనే దొరుకుతాయి, ఈ రాత్రి దాటకముందే పడాలి అని డాక్టరు చెబితే, టెలిగ్రాం కొట్టించింది.

మద్రాసుకూ కడపకూ ఎంత దూరం గనుక! మధ్యాహ్నం బండెక్కితే రాత్రి భోజనాలవేళకు అక్క ఇంట్లో ఉండొచ్చు. కానీ ఆపదలో ఉన్నవాడికి అన్నీ అడ్డాలే. దారిలో ఇంజను మొరాయించింది. కడపలో దిగేసరికి పన్నెండు దాటింది.

జట్కా సాయిబు సందు మొదట్లో కళ్ళెం బిగబట్టాడు.

"ఈడికే అప్పా. ముందుకు గుర్రం పోదు."

"గుర్రమా, నువ్వా?"

సాయిబు నవ్వలేదు. గొంతు తగ్గించి, "ఇద్దరమూ పోము. ఏం ఇనపడినా పలకగాకు. తిరిగి చూడగాకు" అన్నాడు.

చుట్టు తిరిగి పోతే అరగంట. సందులో పడితే పది నిమిషాలు. ఓబులేసు జేబులో మాత్రల సీసా తడుముకుని సందులోకి దిగాడు.

గానుగ దాటేదాకా తన చెప్పుల చప్పుడే. దాటినాక — ఇంకొకటి. ఉత్త కాళ్ళ చప్పుడు... ఎండాకుల మీద. అతను ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది. కుక్కేమో అనుకున్నాడు. కానీ కుక్కకు నాలుగు కాళ్ళు... ఇవి రెండే. ఆంజనేయుణ్ణి తలుచుకుందామంటే పేరు కూడా నోటికి రాలేదు. పరుగెత్తాడు.

అక్క ఇంటి తలుపు సందులో గుడ్డి వెలుగు.

"గురమ్మక్కా!"

లోపల దీపం ఆరిపోయింది.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలకరు, తలుపు తీయరు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. మనం ఎవరి కోసం కాచుకుని ఉంటామో వాళ్ళ గొంతే పెడుతుందట. తలుపు ఎంత కొట్టినా లెక్కలోకి రాదు. అదే జిల్లాలో, వేంపల్లెలో పుట్టిన ఓబులేసుకు ఇది తెలియనిది కాదు. కానీ మద్రాసులో ఎనిమిదేళ్ళు తలుపులు కొట్టి అలవాటైన చెయ్యి. పిలవాల్సిందిపోయి దబదబా బాదాడు.

లోపల చడీచప్పుడు లేదు.

"గురమ్మక్కా!"

అప్పుడు గుర్తొచ్చింది — ఇంకొక్కసారి పిలవాలి!

అదే క్షణంలో అడుగులు వెనకనే వచ్చి ఆగాయి. మెడ మీద ఊపిరి తగిలింది... చల్లగా.

నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. లోపల పిల్లాడి మూలుగు వినబడుతోంది. మందు జేబులోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆ ఒక్క మాటా రావడం లేదు. ఓబులేసుకు ఏడుపొచ్చింది.

అప్పుడు అతని భుజం పక్కనుంచి, ఒక ఆడగొంతు —

"సుబ్బలక్ష్మమ్మా... తలుపు తీయమ్మా..."

గడియ తీసిన చప్పుడు. తీసింది గురమ్మ కాదు, ఆమె అత్త సుబ్బలక్ష్మమ్మ. ఓబులేసు ఒక్క దూకున లోపల పడ్డాడు.

మాత్ర పిల్లాడి గొంతు దిగింది. ఆ మాత్రలతోనే వాడు తర్వాత లేచి తిరిగాడు. కానీ ఆ రాత్రి, నీళ్ళ చెంబు కింద పెట్టి గురమ్మ మెల్లగా అడిగింది.

"నీతో ఎవరొచ్చినారురా?"

"ఎవరూ రాలేదక్కా."

"మా అత్తను పేరు పెట్టి పిలిచినారే..."

ఇద్దరూ వాకిలి వైపు చూశారు. ముసలామె ఇంకా అక్కడే నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచే ఉంది.

"అత్తా... తలుపెయ్యి."

"ఎయ్యను. అది మద్దమ్మ. గానుగలో సున్నం నూరేది. కలరా వచ్చిన ఏడు, బిడ్డకు గుక్కెడు నీళ్ళ కోసం ఈడనే నిలబడి నన్ను రెండుసార్లు పిలిచింది. దాని గొంతు నాకు శానా బాగా తెలుసు... అయినా మూడో పిలుపు కోసం కాచుకోని కూచుంటి. తెల్లారి తలుపు తీస్తే, బిడ్డను ఒళ్ళో పెట్టుకోని ఈ గడప మీదనే..."

చీకట్లోకి చూస్తూ, "రా మద్దమ్మా" అని పిలిచింది.

కాసేపాగి, మళ్ళీ పిలిచింది.

మూడోసారి పిలవబోతుంటే, గురమ్మ ఉరికి వచ్చి ఆమె నోరు మూసింది.