మూలన కూరిన పొట్టు

రంగవరం రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. యువరాజు ప్రాణం ఒక ముని గీసిన అతని బొమ్మలో ఉండేది. గాలి రాక్షసుడు ఆ బొమ్మకు కట్టిన చెక్క చట్రం మూలనున్న సందులోంచి దూరి దాన్ని లాక్కుపోయాడు. యువరాజు కళ్లు తెరిచే ఉన్నా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాడు. ఆ పటం కట్టిన వడ్రంగి సోమలింగాన్ని రాజు చెరలో వేయించాడు.

అసలు తప్పెవరిదో చెప్పనా పిల్లలూ? సోమలింగం కూతురు పేరిందేవిది. చట్రం మూల కోస్తుంటే రంపం పక్కకు పోయి సందు పడింది. మళ్లీ కోయడానికి బద్ధకించి, రంపపు పొట్టును బంకతో కలిపి ఆ సందులో కూరి, పైన నూనె రాసేసింది. భటులు తండ్రిని పట్టుకుపోతుంటే తేలు కుట్టిన దొంగలా తలుపు చాటున నిలబడింది. ఆ సిగ్గుతో ఆమెకు అన్నం సయించలేదు. మర్నాడే రంపం, ఉలి, చిత్రిక, నాలుగు టేకు బద్దలు సంచిలో వేసుకుని రాక్షసుడి అడవికి బయలుదేరింది.

దారిలో ఆ బొమ్మ గీసిన ముని ఎదురై చట్రం ఎందుకు చెడిందని అడిగాడు. కర్ర పచ్చిదని చెప్పింది. వెంటనే సంచి రెండింతలు బరువెక్కింది. ఏటి ఒడ్డున మాట్లాడే పులి కూడా అదే అడిగింది. నాన్న తొందరపడ్డాడని చెప్పింది. అయ్యో, ఎంత మాట! సంచి బండరాయిలా అయిపోయింది. పులి ఆమెను తినలేదు, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. పేరిందేవికి సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా సంచిని ఈడ్చుకుంటూ రాక్షసుడి గుహ చేరింది.

పొద్దుగుంకేలోగా గాలి దూరని చట్రం చేస్తే బొమ్మ ఇచ్చేస్తానన్నాడు రాక్షసుడు. మూడు మూలలు చక్కగా అతికాయి. నాలుగోది వెంట్రుకంత తేడా వచ్చింది. రాక్షసుడు నవ్వుతూ పొట్టూ బంకా ముందుకు జరిపాడు. పేరిందేవి చెయ్యి అటే పోయి, ఆగిపోయింది.

"వద్దు. ఆనాడు పొట్టు కూరింది నేనే. మా నాన్న తప్పేం లేదు," అంది ఏడుస్తూ.

సంచి తేలికైంది. ఆమె ఆ మూల విప్పి, చిత్రిక పట్టి మళ్లీ అతికించింది. రాక్షసుడు ఎంత ఊదినా చట్రంలోకి గాలి దూరలేదు.

"ఇక్కడ వినేవాళ్లు లేరు కాబట్టి చెప్పావు. నిండు సభలో చెబితేనే యువరాజు లేస్తాడు," అని బొమ్మ ఇచ్చేశాడు.

పేరిందేవి ఆ బొమ్మను కొత్త చట్రంలో బిగించి తెచ్చి, సభలో తలెత్తకుండానే ఆ మాట చెప్పింది. యువరాజు లేచి మంచినీళ్లడిగాడు. రాజు సోమలింగాన్ని విడిపించాడు. పేరిందేవి తండ్రి కాళ్ల మీద పడింది.

"భటులు చట్రం చూపించినప్పుడే తెలిసిందమ్మా. నీ చేతిపని నాకు తెలీదా? నువ్వే చెప్తావని చూశా," అన్నాడాయన.

ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. ఆయన లేవదీసి, సంచిలోంచి రంపం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పద. ఇకనించి మూలలన్నీ నువ్వే కోయాలి."

ఆనాటి నుంచి రంగవరంలో ప్రతి పటం పేరిందేవే కట్టింది, అందరూ సుఖంగా ఉన్నారు.