బఠాణీ మొదటి ఫొటో

"ముందు ఆ లైటు ఆర్పండి!"

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అదే. బయట జోరున వాన. మేడ మీదున్న నా స్టూడియోలోకి తడిసిన గొడుగుతో దూసుకొచ్చి, వెలుగుతున్న పెద్ద లైటుకి అడ్డంగా నిలబడింది. వెనకే వాళ్లక్క. అక్క భుజం మీద రెండేళ్ల పాప, ముఖం తల్లి మెడలో దాచుకుని ఉంది.

"లైటు లేకుండా ఫొటో ఎలా తీస్తారండీ? అగ్గిపుల్ల గీయమంటారా?" అన్నాను.

"ఇది ఫొటో స్టూడియోనా, వెల్డింగ్ షాపా?"

నాకు ఉక్రోషం వచ్చింది. "చూడండి మేడమ్, ఎనిమిదేళ్లుగా నేను..." అంటూ కెమెరా చేతిలోకి తీసుకున్నానో లేదో, పాప తలెత్తి దాన్ని చూసింది. ఇక గుక్కపట్టి ఏడుపు. మారాం కాదది. భయం.

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోనీలేవే, ఇంకోసారి చూద్దాం" అంటూ పాపని హత్తుకుని మెట్లు దిగిపోయింది.

చెల్లెలు మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. "మా బఠాణీకి పుట్టుకతోనే రెండు కళ్లలోనూ శుక్లాలండీ. రెండు ఆపరేషన్లు అయ్యాయి. పోయిన నెలే కళ్లజోడు పెట్టారు. చూపొచ్చేదాకా ఫొటో వద్దని అక్క ఇంతవరకూ ఒక్కటీ తీయనివ్వలేదు, ఫోన్‌లో కూడా. తీరా చూపొచ్చాక ఇదీ వరస. వెలుతురు ఎక్కువైతే తట్టుకోలేదు. పైగా ఆస్పత్రిలో దాని కంటి దగ్గర పెట్టినవన్నీ నల్ల మిషన్లే. మీ చేతిలోదీ అలాంటిదే అనుకుంది."

గొడుగు విప్పబోతూ, "అరిచినందుకు ఏమీ అనుకోకండి" అంది.

నేను అనుకున్నదల్లా నన్ను గురించే. రోజంతా పాస్‌పోర్టు ఫొటోలు. గడ్డం పైకి, భుజాలు కిందికి, కళ్లు ఇటు. అన్ని వందల కళ్లని ఇటు చూడమన్నాను కానీ, ఒక్క జతనైనా నేను సరిగ్గా చూసినట్టు గుర్తు రాలేదు.

"ఆగండి. ఆదివారం మీ ఇంటికే వచ్చి తీస్తాను. కిటికీ ఉందా?"

"కిటికీ లేని ఇల్లుంటుందా?"

"అయితే చాలు. లైట్లు తేను, ఫ్లాష్ తేను."

"ఈ కోపం కూడా తేకండి" అని నవ్వి, వానలోకి వెళ్లిపోయింది.

ఆదివారం వెళ్లాను. మూడు గదుల ఇల్లు. పాప నాన్న బస్సు డ్రైవరు, డ్యూటీలో ఉన్నాడు. చెల్లెలు చౌరస్తాలో కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుందట. "పాప అద్దాలు కూడా మా చెల్లే సానబట్టింది బాబూ. మూడుసార్లు అరిగించి పారేసి, నాలుగోసారికి సరిగ్గా కుదిర్చింది" అని అక్క మురిసిపోతూ చెప్పింది.

ఆ అద్దాల వెనకున్న బఠాణీ నా భుజం మీద సంచీ చూడగానే ఫ్రిజ్ వెనక దూరింది. సంచీ బయట పెట్టి వచ్చాను. రాలేదు. పిల్లిలా అరిచాను, కోతిలా గెంతాను. ఫ్రిజ్ వెనక నుంచి చప్పుడు లేదు.

"కోతి బాగానే ఉంది. పిల్లికి ఇంకొంచెం ప్రాక్టీసు కావాలి" అందామె. తర్వాత నన్నే పరీక్షగా చూస్తూ, "ఏదీ, ఆ గోడగడియారంలో టైమెంతయిందో చెప్పండి" అంది.

కళ్లు చికిలించాను. "ఒంటిగంట."

"పన్నెండూ ఐదు! పెద్దముల్లేదో చిన్నముల్లేదో తెలీడం లేదు మీకు. ఫొటోలెలా తీస్తున్నారండీ ఇన్నాళ్లూ?"

"ఫోకస్ కెమెరా చూసుకుంటుందిగా..."

"అంటే అదే మిమ్మల్ని పోషిస్తోందన్నమాట! రేపు షాపుకి రండి. రాకపోతే మీ స్టూడియో బోర్డు కింద ఈ సంగతి రాసి అంటిస్తాను."

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఫొటో లేకుండానే ఇల్లు చేరాను. వింతేమిటంటే, నాకు ఏమాత్రం దిగులుగా లేదు.

షాపులో పరీక్ష అయింది. రెండు రోజులకి జోడు తయారైంది. ఆమే నా ముఖానికి తొడిగి, చెవుల దగ్గర సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసింది. "ఇప్పుడు ఆ చార్టు చదవండి. ఆఖరి వరస."

చార్టు కుడివైపుంది. నేను ఎదురుగా చూశాను. ఇన్ని రోజులూ ఆమెని చూస్తూనే ఉన్నాననుకున్నాను. ఎడమ కనుబొమ్మలో సన్నటి గాటు ఉందని తెలీదు. బుగ్గ మీద అద్దాల పొడి తెల్లగా మెరుస్తోంది. నవ్వు ఆపుకుంటే పెదవి ఒకవైపే వంగుతుందని కూడా అప్పుడే తెలిసింది.

"చార్టు అటుంది" అంది నెమ్మదిగా.

"తెలుసండీ."

ఆమె గభాలున తిరిగి సొరుగు తెరిచి, దేనికోసమో చాలాసేపు వెతికింది. ఏమీ తీయకుండానే మూసింది.

మళ్లీ ఆదివారం. ఆకాశమంతా మబ్బు. సంచీతోనే లోపలికి వెళ్లి నేల మీద చతికిలబడ్డాను. ఫ్రిజ్ పక్క నుంచి ఒక చిన్న ముఖం తొంగిచూసింది. నన్ను చూసింది. నా ముక్కు మీది జోడుని చూసింది. మెల్లగా బయటికొచ్చి, నా ముందు నిలబడి, ముందు తన అద్దాన్ని వేలితో తాకి, తర్వాత నా అద్దాన్ని తాకింది.

"జోడు" అంది.

"అవును తల్లీ, జోడు. నీకుంది, నాకుంది." కెమెరా తీసి నేల మీద పెట్టి, లెన్సు చూపించాను. "ఇదిగో, దీనికీ ఉంది."

బఠాణీ వంగి లెన్సులోకి చూసింది. దానికీ పాపం కళ్లు కనిపించవనుకుందో ఏమో, కెమెరా తల నిమిరింది.

అక్క పాపని కిటికీ పక్కన చిన్న స్టూలు మీద కూర్చోబెట్టింది. పల్చటి పరదా సగం లాగాను. చెల్లెలు రెండోవైపు నిలబడి తెల్ల దుప్పటి విప్పి పట్టుకుంది. కిటికీ వెలుతురు దాని మీద పడి, పాప రెండో బుగ్గ మీదికి మెత్తగా తిరిగొచ్చింది. అంతా బాగానే ఉంది కానీ, మందపాటి అద్దాల్లో కిటికీ ప్రతిబింబం మెరిసి కళ్లు కనబడటం లేదు.

"జోడు తీసేద్దామా?" అన్నాను.

"వద్దు! అది దాని కష్టార్జితం." దుప్పటి అక్కకి ఇచ్చి వచ్చి, పాప జోడు కాడల్ని వెనక పిసరంత పైకెత్తింది. అద్దాలు ముందుకి వంగాయి. మెరుపు పోయింది. వెనక రెండు నల్లటి కళ్లు, విచ్చుకుని, దేన్నీ వదలకుండా చూస్తున్నాయి.

"బఠాణీ!" అని పిలిచింది దుప్పటి పట్టుకున్న తల్లి.

పాప అటు తిరిగింది. అమ్మని చూసింది. చిన్ని పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

నొక్కాను. ఒక్కటే. రెండోది తీద్దామంటే నా కళ్లద్దాలే తడిగా ఉన్నాయి.

ఫొటో పెద్దది వేయించి, ఫ్రేము కట్టించి తీసుకెళ్లిన సాయంత్రం పాప నాన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఎత్తుగా ఉంటాడు, మాట తక్కువ. ఫ్రేము రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసి, "దీని చిన్న కాపీ ఒకటి ఇస్తారా? స్టీరింగు పైన పెట్టుకుంటాను" అని మాత్రం అన్నాడు.

అక్క ఆపుకోలేకపోయింది. "మా పాపని నవ్వుతుండగా చూపించావు బాబూ. ఈ మేలు మర్చిపోను. నాకు తోడబుట్టినవాడు లేడన్న లోటు తీరింది. ఇవాళ్టి నుంచి నువ్వే నా తమ్ముడివి!"

"తమ్ముడా? వద్దక్కా!"

కేకలాంటి ఆ మాట ఆమెదే. అన్నాక అర్థమైనట్టుంది, చప్పున బఠాణీని ఎత్తుకుని ముఖానికి అడ్డం పెట్టుకుంది. చెవులు మాత్రం దాగలేదు. ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి.

బస్సు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అంటే ఈయన నాకు బావమరిది కాదు, తోడల్లుడన్నమాట."

"మీరుండండి!" అక్క నవ్వుతూ నావైపు తిరిగింది. "నువ్వేమంటావు బాబూ?"

ఎంత వెతికినా ఒక్క వాక్యమే దొరికింది. "అక్కా అనలేనండీ. వదినా అని పిలవొచ్చా?"

పాప వెనక నుంచి సన్నటి గొంతు వినపడింది. "అడగాల్సింది నన్ను కదా ముందు?"

"మిమ్మల్ని అడగాలనే రెండు వారాలుగా వస్తున్నాను. మీరు టైమెంతయిందనే అడుగుతున్నారు."

ఆమె నవ్వింది. పాపని కొంచెం కిందికి దించింది. పెదవి ఒకవైపే వంగి, అంతలో రెండువైపులా విచ్చుకుంది. "ఇప్పుడడగండి" అంది.

అడిగాను. అందరి ముందూ. ఊ అంది.

అక్క కళ్లు తుడుచుకుంటూ మళ్లీ థాంక్స్ చెప్పబోయింది. నేను చేతులు జోడించి ఆపాను. వాళ్లకి నేనిచ్చింది ఒక్క ఫొటో. ఇంత దగ్గరగా మనుషుల్ని చూడటం నాకు నేర్పింది వాళ్లు.

"బాబాయ్ అనవే" అంది ఆమె, పాప చెవిలో.

గదికి ఆ చివర నుంచి బఠాణీ నన్ను వెతికి పట్టుకుని, చెయ్యి చాచి, "బాబా!" అంది.