పడమటి లిస్టు

లైబ్రేరియన్‌ను పొద్దున పది గంటలకు చంపారు. బస్సెక్కుతుంటే వెనక నుంచి ఎవరో సూది గుచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు గుండెపోటనుకున్నారు. పదీ ఇరవైకి ఎవరో అతని పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యారు.

"ఆసుపత్రుల్లో వెంటిలేటర్లను నడిపే ప్రోగ్రామ్ ఒకటుంది," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, ఫైలు ముందుకు తోస్తూ. "ఓపెన్ సోర్స్. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. వేలమంది వాలంటీర్లు. ఒకరు రాస్తే అందరికీ చేరే మెయిలింగ్ లిస్టు ఇన్నాళ్లూ ఒకటే. ఇప్పుడు ప్రాంతానికొకటి చొప్పున ఐదు పెడుతున్నారు. తూర్పుది ఈ లైబ్రేరియన్ చూడాల్సింది."

"మెయిల్ లిస్టు కోసం మనిషిని చంపుతారా సార్?"

"అడ్మిన్ 'ఈ అప్‌డేట్ వేసుకోండి' అని రాస్తే తొమ్మిది వందల ఆసుపత్రులు కళ్లు మూసుకుని వేసుకుంటాయి. ఒక విదేశీ ముఠా ఆ ఒక్క మెయిలూ తాను రాయాలనుకుంటోంది. నువ్వు వాలంటీర్‌గా చేరు. ఐదు లిస్టులూ నువ్వే పెట్టు. ఎవరు తొంగిచూస్తున్నారో కనిపెట్టు."

ఏజెంట్ కోడ్‌నేమ్ కత్తెర. పదకొండేళ్ల సర్వీసులో రెండు బుల్లెట్లు తిన్నాడు, ఒకసారి కదిలే రైలు మీంచి దూకాడు. కానీ సైకిల్ షాపు పైన అద్దెగదిలో ఆ మూడు వారాలు అతన్ని నమిలేసినట్టు ఇంకేదీ నమల్లేదు.

ఒక లిస్టు పేరు 'వాయవ్యం' అనాలా, 'ఉత్తర-పడమర' అనాలా? దాని మీద రెండు వందల పన్నెండు మెయిళ్లు. జవాబు రాసినవాడికే వెళ్లాలా, అందరికీ వెళ్లాలా? ఆ దెబ్బకు ఇద్దరు ప్రాణస్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. ఒక రిటైర్డ్ ఇంజినీరు 'నన్ను తీసేయండి' అని రోజూ లిస్టంతటికీ రాసేవాడు. 'అలా లిస్టంతటికీ రాయకండి' అని ముప్ఫైమంది లిస్టంతటికీ రాసేవారు.

పోస్టాఫీసు ట్రైనింగ్‌లో ఉన్నానని భార్యతో చెప్పాడు.

"ఉత్తరాలు పంచడానికి ఇంత ట్రైనింగేంటండీ?" అందావిడ ఫోన్‌లో. "మొన్న ఇంటికొచ్చినప్పుడు నిద్రలో 'అన్‌సబ్‌స్క్రైబ్' అని అరిచారు. ఎవరావిడ?"

శుక్రవారం పదింటికి కాఫీ షాపుకు కలువ వచ్చింది. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే మనిషి. ఆమె లోపలికి అడుగుపెడితే నాలుగు టేబుళ్ల దగ్గర మాటలు ఆగిపోయాయి.

"ఈ ఫ్యాను తిరగడం లేదే?" అంది.

"పాతది. మెల్లగా అందుకుంటుంది."

కోడ్ సరిపోయింది. కలువ కూర్చుంది. "ఈరోజు పదకొండింటికి. తూర్పు లిస్టు నుంచి. ఆ అప్‌డేట్ పడ్డ గంటకు వెంటిలేటర్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి."

కత్తెర అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి తూర్పు లిస్టును మూసేశాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకాస్త చక్కెర తెచ్చిపెడతారా?" అంది కలువ.

కౌంటర్ దగ్గర క్యూ ఉంది. అతను తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. తాను టేబుల్ మీద వదిలివెళ్లిన పెన్ కెమెరా రికార్డింగ్‌ను ఫోన్‌లో వెనక్కి తిప్పాడు. కలువ వేళ్లు అతని కీబోర్డు మీద చకచకా కదిలాయి. పడమటి లిస్టుకు కొత్త అడ్మిన్ చేరాడు. కత్తెర లాగిన్ కొట్టాడు. 'పాస్‌వర్డ్ తప్పు.'

టైము పదీ ముప్ఫైఆరు.

"వెధవని! చక్కెర తెమ్మంటే తెచ్చాను!"

మెయిల్ సర్వర్ ఒక కాలేజీ బేస్‌మెంట్‌లో ఉంది. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. ఆటోలు ఆగలేదు. ఆరు వీధులు పరుగెత్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టమన్నాడు. పెన్ను రాయలేదు. పదీ యాభైఆరుకు సర్వర్ రూమ్ తలుపు తోశాడు.

లోపల సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ స్వెటర్ వేసుకుని కూర్చుంది. ఏ పని కావాలన్నా ముందు టికెట్, అంటే నంబరు వేసిన అర్జీ, పెట్టమంటుంది కాబట్టి కమ్యూనిటీలో ఆవిడను టికెట్ మేడమ్ అంటారు.

"మేడమ్, మెయిల్ క్యూ ఆపండి. ఇప్పుడే!"

"టికెట్ నంబర్?"

"టికెట్ లేదు! పదకొండింటికి దొంగ అప్‌డేట్ వెళ్తుంది. జనం చస్తారు!"

"అందరూ అలాగే అంటారు బాబూ. ఫారం నింపండి."

కత్తెర గొంతు తగ్గింది. "లైబ్రేరియన్‌ది గుండెపోటు కాదు మేడమ్. ఈ లిస్టుల కోసమే చంపారు."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఆయనా? పోయిన నెల నేను తీర్చిన టికెట్లన్నిటికీ థాంక్స్ చెప్పిన ఒకే ఒక్క మనిషి." స్క్రీన్ వైపు తిరిగింది. పడమటి క్యూలో ఒక మెయిల్ పదకొండు గంటల కోసం కాచుకుని ఉంది. తెరిచి చదివింది. "'గౌరవనీయులైన సభ్యులారా, దయచేసి ఈ అప్‌డేట్ వేసుకోగలరు...'"

"మేడమ్, ఇరవై సెకన్లు!"

"పన్నెండేళ్లుగా ఇక్కడున్నాను. మనవాళ్లెవరూ ఇంత మర్యాదగా రాయరు," అంటూ ఎంటర్ కొట్టింది.

క్యూ ఆగింది. బయటికి వెళ్లిన మెయిళ్లు: సున్నా. గడియారంలో రెండు సెకన్లు మిగిలాయి. కత్తెర నేల మీద అలాగే కూలబడ్డాడు. టికెట్ మేడమ్ తన ఫ్లాస్కులోంచి మంచినీళ్లు పోసిచ్చి, ముఖం పక్కకు తిప్పి కళ్లు తుడుచుకుంది.

కలువ బస్‌స్టాండులో దొరికింది, ముసలమ్మ వేషంలో. పట్టుకున్న కానిస్టేబుల్‌ను కూడా చక్కెర తెచ్చిపెట్టమని అడిగిందట. లైబ్రేరియన్‌కు సూది గుచ్చిన మనిషి పేరు ఆ సాయంత్రమే చెప్పేసింది.

మర్నాడు చీఫ్ కరచాలనం చేశాడు. "అంతా రహస్యం. ఎవరికీ ఏమీ చెప్పకు."

కత్తెర చెప్పలేదు. లిస్టుల్లో మాత్రం, సర్వర్ నలభై నిమిషాలు ఎందుకు ఆగిందో, బాధ్యులెవరో చెప్పాలని మూడు వందల మంది నిలదీశారు. 'నేనే' అని ఒక్క ముక్క రాశాడు. ఆ కమ్యూనిటీ తన చరిత్రలో మొదటిసారి ఒక విషయాన్ని ఏకగ్రీవంగా తీర్మానించింది: కత్తెరను అడ్మిన్ పదవి నుంచి తొలగించారు.