కరెంటు కిరాయిలోనే

ఆ రోజు పొద్దున్నే అన్నం డబ్బాలు సర్దుకుని నరేశ్ మిల్లుకూ, అతని భార్య లత చీరలు మడతపెట్టే గోదాముకూ బయల్దేరారు. మెట్ల దగ్గర ఇంటి యజమానురాలు హంసాబెన్ ఆపింది. వాళ్లు బతకడానికి వలసొచ్చిన కతర్‌గామ్‌లో, ఆ ఇంటి పై వాటాను కరెంటూ నీళ్లూ కిరాయిలోనే కలిపి వాళ్లకిచ్చింది ఆవిడే. ఇప్పుడు బిల్లు రెట్టింపయిందట. వీళ్లు గడప దాటగానే పైన మోటారు మోగుతోందట. ఇంట్లో పని పెట్టుకునేవాళ్లు తనకొద్దనీ, నెలాఖరుకు ఖాళీ చేయమనీ అంది. ఈ కరోనా కాలంలో ఇంకో ఇల్లు దొరకడం గగనమే.

మోటారంటే అమ్మదే. సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేందుకు నూలు కండెలు చుట్టే ఆ చిన్న మిషన్ నరేశ్ తల్లి భూదేవికి ఇరవై ఏళ్ల తోడు. ఆమె భర్త లింగం కరోనాతో పోయి మూడు నెలలయింది. ఆసుపత్రి వాళ్లు శవాన్ని సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకుపోయారు. నరేశ్ దూరం నుంచి దండం పెట్టాడు. భూదేవికి ఆపాటి చూపు కూడా దక్కలేదు.

తండ్రి పోయి ఏడాదైనా తిరక్కముందే తల్లిని పనికి పెట్టాడని లోకం తన మొహాన ఉమ్మదా? ఆ ఆలోచనే నరేశ్‌ను పని చేసుకోనివ్వలేదు. మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. సంగతి తేల్చుకుందామని హంసాబెన్ కూడా వెంట మెట్లెక్కింది.

"ఏందవ్వా ఇది? మేం తిండి పెడ్తలేమా? దొంగసాటుగ పని జేసుడేంది?"

భూదేవి తిరిగి చూడలేదు. ఏళ్ల తరబడి సాంచల మోతలో బతికిన చెవులు మరి. నరేశ్ విసురుగా దగ్గరికెళ్లి, అక్కడే ఆగిపోయాడు. ఒట్టి కదురు తిరుగుతోంది. పక్కన బుట్టలో ఒక్క కండె లేదు.

"నూలేది?" అని గట్టిగా అడిగాడు.

"నూలెక్కడిది బిడ్డా, ఊకెనే తిప్పుతున్న." కొడుకు వైపు చూడకుండానే చెప్పింది. "మీరు పోతే ఇల్లంత సప్పుడు లేకుంటయితది. మీ బాపు సాంచ నడిపిస్తుంటే నేను కండెలు సుడ్తుంటి. గీ సప్పుడింటే ఆయన పక్క అర్రల ఉన్నట్టే ఉంటది. కరెంటు కిరాయిలనే ఉన్నది, భయపడకుమని నువ్వే జెప్తివి గదా."

చెప్పింది తనే. ఈ ఇంట్లో దిగిన రోజు, ఆమె ఫ్యాను వేసుకోవడానికి కూడా జంకుతుంటే చెప్పాడు. కానీ ఈ మూడు నెలల్లో ఇంట్లో ఎవరూ తండ్రి పేరు ఎత్తలేదు. తినడం, ఫోను చూసుకుంటూ పడుకోవడం, అంతే. తన మీద తనకే అసహ్యం వేసింది.

తల్లి చెప్పింది హంసాబెన్‌కు హిందీలో రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ ఖాళీ బుట్టను కాసేపు చూసింది. ఉండండి, ఎక్కడికీ పోవద్దు అని చెప్పి కిందికి దిగిపోయింది.

నరేశ్ తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"బాపు ఆసుపత్రిలకెల్లి ఆఖరుసారి ఫోన్ జేసిండవ్వా. నీకు జెప్పనే లేదు."

భూదేవి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మోటారు మోతలో కొడుకు పెదవులు కదలడం తప్ప ఏమీ అందలేదు. చటుక్కున స్విచ్ ఆపేసింది. కదురు నెమ్మదిగా నిలిచింది.

"జర మల్ల జెప్పు బిడ్డా. ఏమన్నడు?"

"మీ అవ్వ తిన్నదా అని అడిగిండే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఈ మూడు నెలల్లో మొదటిసారి ఏడ్చింది. ఆ సాయంత్రం దాకా నరేశ్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె మళ్లీ మిషన్ స్విచ్ వేయలేదు.