ఊపిరి వంతు

మధ్యాహ్నం రెండు గంటలకి రికార్డింగ్ స్టూడియో మెట్లెక్కుతూ డోలు రెండుసార్లు ఆగింది. లిఫ్టు లేక కాదు. లిఫ్టెక్కితే పాడేవాళ్ల ఊపిరి బద్ధకిస్తుందని పాట మాస్టారు ఎప్పుడో అన్న మాట ఇంకా వదల్లేదు. మైకు ముందు నిలబడి మూడేళ్లయింది. ఇప్పుడు ఆమె పాటంతా ఇంటి ముందు గదిలో చాప మీద కూర్చునే పదిహేనుమంది పిల్లలకే. వాళ్లలో పన్నెండుమంది తల్లుల పోరు పడలేక వచ్చేవాళ్లే.

డోలు అనేది ముద్దుపేరు. గొంతు లావని మాస్టారు పెట్టాడు. ఆయన దగ్గర పాట నేర్చుకున్న ముగ్గురమ్మాయిలకీ అలాగే పేర్లు పెట్టాడు మహానుభావుడు. చూడచక్కనిది బొమ్మ. గుప్పెడంత మనిషై ఉండి గొంతెత్తితే గోడలు అదిరేది పిట్ట. ముగ్గురూ కలిసి పదేళ్లు ఎన్ని స్టేజీలెక్కారో లెక్కే లేదు. ఒకే వ్యానులో నిద్ర, ఒకే అద్దం ముందు మేకప్పు, ఒకే దువ్వెన కోసం జుట్టూ జుట్టూ పట్టుకోవడం!

జనం మాత్రం వాళ్ల చివరి పాట కోసం వచ్చేవాళ్లు. ఆ పాట ఆఖర్న ఒకే స్వరాన్ని నిమిషం పైగా తెగకుండా నిలబెట్టేవాళ్లు. అందులో మాయ ఏమీ లేదండీ, వంతులు. ఒకతె ఊపిరి తీసుకుంటుంటే మిగతా ఇద్దరూ మొయ్యాలి. చేతులు పట్టుకుని నిలబడేవాళ్లు కదా, ఊపిరి అయిపోవచ్చినది పక్కదాని చిటికెనవేలు నొక్కేది. 'నాకు చాలట్లేదు, అందుకో' అని అర్థం. ఆ స్వరం కాస్త వణికితే చాలు, వేలు నొక్కకముందే డోలు ఛాతీ గాలితో నిండిపోయేది. పదేళ్ల అలవాటు అది. నిద్రలో కూడా పోయేది కాదు.

మూడేళ్ల కిందట ఒకరోజు బొమ్మ ఫోన్ చేసి, "రేపటి ప్రోగ్రాం రద్దయిందే, రాకు" అంది. డోలు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ మర్నాడు సాయంత్రం అదే స్టేజీ మీద, అదే చివరి పాటలో, పిట్ట కూలిపోయి చచ్చిపోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. బొమ్మ ఏడుస్తూ వచ్చి చెప్పింది: "రద్దయిందని నీకు చెప్పమన్నది పిట్టేనే. ఇద్దరమే చాలు, డోలు ఎందుకూ అంది. నేను నోరు మూసుకున్నా, నా తప్పే."

డోలు నమ్మేసింది. అక్కా అంటూ వెనకే తిరిగే పిట్టంటే ఆమెకి ప్రాణం. ఆ పిట్టే వద్దందంటే మనసు విరిగిపోయింది. ఆ కోపంలో చివరి చూపుకి కూడా వెళ్లలేదు. మూడేళ్లుగా ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా తిట్టుకుంటూనే ఉంది.

ఇక బొమ్మ సంగతంటారా, పట్టిందల్లా బంగారం. నెల తిరక్కుండా ఒంటరిగా పాడిన పాట బయటికొచ్చింది. ఆ తర్వాత గోడల మీద దాని మొహం, ఫోన్లలో దాని గొంతు, అవార్డులు, అభిమానులు. డోలుకి ఒక్క ఫోను లేదు. ఏరు దాటి తెప్ప తగలేసిందని డోలు వాళ్లాయన రోజూ అనేవాడు. మీరు నోరు ముయ్యండి, అది అలాంటిది కాదు అని డోలు రోజూ దెబ్బలాడేది.

అందుకే నిన్న ఫోనొస్తే ఎగిరి గంతేసింది. చివరి పాట మళ్లీ విడుదల చేద్దాం, పిట్ట గొంతు ఆనాటి రికార్డింగులో ఉంది, నువ్వూ నేనూ కలిసి పాడదాం అంది బొమ్మ. "నువ్వు లేకపోతే ఆ పాట లేదే" అని కూడా అంది. ఆ ఒక్క మాటకి డోలుకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

స్టూడియోలో కిటికీల్లేవు. బయట మండే ఎండ ఉందన్న సంగతి లోపలికొస్తే మర్చిపోవాల్సిందే. పాత తివాచీ వాసన, ఏసీ చల్లదనం, చెవుల్లో దూది కుక్కినట్టు నిశ్శబ్దం. పాడేవాళ్లకి పక్కపక్కనే రెండు గాజు గదులు. ఎదురుగా పెద్ద గాజు అద్దం అవతల సౌండ్ ఇంజనీరు, నెరిసిన గడ్డం, మెడలో కళ్లజోడు.

బొమ్మ వచ్చి కౌగిలించుకుంది. చిక్కి సగమైంది. కళ్ల కింద నలుపు పౌడరుకి లొంగట్లేదు.

"తిండి తింటున్నావా లేదా?" అంది డోలు.

"నువ్వొచ్చావుగా. ఇక తింటాలే."

చెరో గదిలోకి వెళ్లారు. తలుపులు మెత్తగా మూసుకున్నాయి. డోలు హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే బొమ్మ గొంతు చెవిలోనే వినబడింది. "ఇంజనీరుగారూ, ఆఖరి స్వరం ఒక్కటే వెయ్యండి. ముందుదేదీ వద్దు."

ఆయన తలూపాడు. కానీ ఎన్నేళ్ల పద్ధతో ఏమో! పాడేవాళ్లకి అందుకోవడానికి వీలుగా కాస్త ముందునుంచి వెయ్యడం ఆయనకి అలవాటు. పైగా ఆనాడు ఎవరి మైకు వారికి విడిగా రికార్డయింది. ఆయన వేసింది పిట్ట మైకు.

ముందు జనం హోరు. తర్వాత గలగల, పిట్ట గాజులు. మూడేళ్ల తర్వాత ఆ చప్పుడు విని డోలు కళ్లు మూసుకుంది. తర్వాత గుసగుస.

"అక్క ఇంకా రాలేదేం? అక్క లేకుండా చివరి పాట వద్దు... నాకు భయం."

దానికి జవాబు బొమ్మ గొంతులో వచ్చింది. "దానికి మనతో పాడాలని లేదట. ముందు వరసలో పాటల కంపెనీవాళ్లు కూర్చున్నారు, ఏడుపు మొహం పెట్టకు. నువ్వు పట్టుకో, నేను అందుకుంటా."

డోలు కళ్లు తెరిచింది. తల తిప్పి పక్క గదిలోకి చూసింది. బొమ్మ ఆమెనే చూస్తోంది. ఆ మొహంలో కంగారు లేదు. దొరికిపోయానన్న సిగ్గు కూడా లేదు. ఓపిక పట్టినట్టు కూర్చుని ఉంది.

చెవిలో స్వరం మొదలైంది. పిట్ట స్వరం. సన్నగా, నిటారుగా, మచ్చలేకుండా. పది సెకన్లు... ఇరవై... ఇక ఎవరో ఒకరు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు. దూరంగా జనం చప్పట్లు. ఆ చప్పట్లకి ముందుకెళ్లి వంగి దణ్ణాలు పెడుతున్న బొమ్మ చెప్పుల టకటక. పిట్ట ఒక్కతే. ముప్ఫై... నలభై...

ఇక్కడే పడిపోయి ఉండాలి. రికార్డింగు ఇక్కడే ఆగిపోవాలి.

ఆగలేదు.

జనం హోరు పోయింది. గాజుల చప్పుడు పోయింది. స్వరం ఒక్కటే మిగిలింది... అది హెడ్‌ఫోన్లో లేదు. గదిలో ఉంది. డోలు భుజం పక్కన, పిట్ట ఎప్పుడూ నిలబడే చోట. ఏసీ గాలిలో చవకరకం పౌడరు వాసన. వ్యానులో ముగ్గురూ పంచుకున్న పౌడరు.

స్వరం వణికింది.

ఆలోచన అంటూ ఏమీ లేదు. ఛాతీ దానంతటదే నిండింది. నోరు దానంతటదే తెరుచుకుంది. డోలు అందుకుంది.

వెంటనే చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చారు. పొడుగ్గా... ఎండిపోయిన నేల నీళ్లు తాగినట్టు... పీలుస్తూనే ఉన్నారు. డోలు మెడ మీది వెంట్రుకలు ఆ గాలికి లేచి నిలబడ్డాయి.

పక్క గదిలో బొమ్మ వెనక్కి వాలింది. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. ఏడుపో నవ్వో తెలియలేదు.

"క్షమించవే," అంది మైకులో. "మూడేళ్లుగా నేనే మోస్తున్నా. ఎక్కడ పాడినా ఆఖర్న వచ్చి పట్టుకుంటుంది. ఊపిరి తీసుకోనివ్వదు. పోయిన నెల స్టేజీ మీద చచ్చి బతికా. ఇంకెవరైనా అందుకుంటే నన్ను వదుల్తుందనిపించింది. నీకైతే అలవాటే కదా..." కళ్లు తుడుచుకుని, "నాకు చాలా ఉందే పోగొట్టుకోవడానికి. నీకు పిల్లల క్లాసులేగా."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో డోలుకి అప్పుడు తెలిసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి పిట్టని దూరం చేసింది. ఇప్పుడు ఆ పిట్టకే తనని ఎరగా వేసింది. తిట్టాలని ఉంది. తిట్టడానికి నోరు ఖాళీ లేదు. ఆపుదామంటే ఆగట్లేదు. స్వరం ఆమె పాడట్లేదు, ఆమెలోంచి లాగుతున్నారు. పక్కటెముకలు నొక్కుకుపోతున్నాయి. కళ్ల ముందు నల్ల చుక్కలు. గాజుకి చెయ్యి ఆనించి బొమ్మకేసి చిటికెనవేలు చాపింది. అందుకో. ఒక్కసారి. ఒక్కసారికి అందుకోవే!

బొమ్మ తల తిప్పేసుకుంది. హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించింది. బ్యాగు తీసుకుని తలుపు తెరుచుకుని వెళ్లిపోయింది.

ఇక అయిపోయింది అనుకుంది డోలు. చాచిన చెయ్యి అలాగే ఉంది...

ఆ చిటికెనవేలిని ఎవరో నొక్కారు. చిన్న వేలు. ఐసుముక్క.

స్వరం ఆమె గొంతులోంచి జారిపోయింది. డోలు నేల మీద పడి దగ్గుతూ, రొప్పుతూ, గాలి తాగుతూ ఏడ్చింది. చచ్చిన పిల్ల వంతు తప్పలేదు. బతికున్నదే తప్పింది.

"అక్కా," అంది గుసగుస, "ఎందుకు రాలేదు?"

"రావొద్దని చెప్పిందే, తల్లీ. నువ్వే వద్దన్నావని చెప్పింది. నమ్మాను. మూడేళ్లు నిన్నే తిట్టుకున్నాను."

గాజులు గలగలమన్నాయి, తలుపు వైపు వెళ్తూ. తలుపు తెరుచుకోలేదు. పౌడరు వాసన మాత్రం పోయింది.

గోడ పట్టుకుని డోలు ఇంజనీరు గదిలోకి వచ్చింది. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, మేడమ్‌గారు వెళ్లిపోయారు కదూ? నా ముందునుంచే వెళ్లారు..."

"వెళ్లిపోయింది."

"మరి ఇదేంటి?"

తెరమీద బొమ్మ మైకు తాలూకు గీత కదులుతోంది. ఆ గది ఖాళీగా ఉంది. స్టాండుకి హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. ఆయన ఒక మీటని పైకి జరిపాడు.

బొమ్మ గొంతు. ఒకే స్వరం. పెద్దగా, అందంగా, ఎక్కడా ఊపిరి లేకుండా.

బల్ల మీద ఫోను మోగితే ఆయన ఎత్తాడు. కింద రిసెప్షన్లో అమ్మాయి. "సార్, మేడమ్ మెట్ల దగ్గరే నిలబడిపోయారు. నోరు తెరుచుకునే ఉన్నారు... పాడుతున్నట్టు. ఏమీ వినబడట్లేదు సార్. మొహం నీలంగా అవుతోంది. ఎవరైనా త్వరగా రండి."

డోలు కదల్లేకపోయింది. స్పీకర్లో స్వరం సన్నబడుతోంది. ఎవరో ఒకరు అందుకోవాలి. సన్నగా... ఇంకా సన్నగా...

వణికింది.

డోలు ఛాతీ దానంతటదే నిండబోయింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా, తల అడ్డంగా ఊపుతూ, అలాగే మూసుకుని ఉంది.

పక్కన ఫోను కింద పడిన చప్పుడైంది. జన్మలో ఒక్క పాటా పాడని ఇంజనీరు, తెరకేసి చూస్తూ, మెల్లగా ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాడు.